లేని మేడకి పన్ను కట్టినోడు డిమాండ్ నోటీసు గారికి రాసుకున్న ఉత్తరం

మహారాజశ్రీ ఇంటిపన్ను డిమాండ్ నోటీసు గారి సముఖానికి,

నేనీడ క్షేమం. మీరు కూడా మా ఫ్రిజ్ డోరు మీద, గ్యాస్ బిల్లు పక్కన, అయస్కాంతం కింద క్షేమంగానే ఉండారు. మా ఊరి పేరు రాయటంలా, నెల్లూరు జిల్లా అనుకోండి చాలు. పేరు రాస్తే ఈసారి కొలతలకి వచ్చినప్పుడు మా కుక్క గూడుని కూడా డబుల్ బెడ్రూం అని ఎక్కించేస్తారని భయం.

మా నాయన 20 అంకణాల స్థలం కొని దాంట్లో ఇల్లేశాడు. అంకణం అంటే మా జిల్లా వాళ్ళకి 8 గజాలు, బయటోళ్ళకి చెప్తే మా మొహంకేసి చూస్తారు అదేం కొలతా అని. మీరేమో చదరపు మీటర్లలో వచ్చారు. ఆ మీటర్లని అడుగులు చేసి, అడుగుల్ని అంకణాలు చేసి, మళ్ళీ తప్పు పోయిందేమోనని మొదట్నించీ చేసేసరికి రాత్రి పదకొండైంది, అప్పుడు గానీ అర్థం కాలా మీరు మా ఇంటి మీద ఇంకో ఇల్లు కట్టేశారని. కింద ఎంతుందో పైన కూడా అంతే, ఆర్‌సీసీ స్లాబు, వాడకం దగ్గర 'అద్దెకు'.

సామీ, మా డాబా మీద ఉండేది పదడుగులు పన్నెండడుగుల రేకుల షెడ్డు. నాలుగు ఇనప పైపులు, నాలుగు రేకులు, గోడ ఒక్కటే, అది కూడా పక్కింటోళ్ళది. ఎండాకాలం మా అమ్మ గుమ్మడికాయ వడియాలు పెట్టి, కాకులొస్తాయని ఆ రేకుల నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చేతిలో కొబ్బరి మట్ట పెట్టుకుని కూర్చుంటది. అద్దెకుండేది ఎవురయ్యా అంటే ఒక తెల్లపిల్లి, రెండు కాన్పులు ఆడే అయినాయి, ఇంతవరకు అడ్వాన్సు కూడా ఇయ్యలా. మీకు తెలిసిన వేరే అద్దెదారు ఎవరన్నా ఉంటే ఫోన్ నంబర్ ఇయ్యండి, బకాయి వసూలు చేసుకుంటా.

లెక్క తెలీక మాట్లాడుతుండానని అనుకోబాకండి. ఇంతకు ముందైతే ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంతొస్తది అని చూసి పన్నేసేవాళ్ళు, 2021-22 నుంచి అది పోయి మూలధన విలువ వచ్చింది, రిజిస్ట్రేషన్ వాళ్ళ రేటు పట్టుకుని స్థలానికింత కట్టడానికింత అని విలువ కట్టి, కాపురం ఉండే ఇంటికైతే దాంట్లో 0.10 నుంచి 0.50 శాతం లోపల పన్ను. పెంచినా ఏడాదికి 15 శాతం దాటదన్నారు. 15 అంటే చిన్నదిగానే కనిపిస్తది గానీ వరసగా ఐదేళ్ళు పెంచితే వంద కాస్తా రెండొందలు దాటతది, సరే అది ఊరందరి బాధ. నాది వేరే. నాకు 3,200 ఉండేది ఒక్క దెబ్బకి 7,400 అయింది. ఇదేంది నా, 15 శాతం యాడ పోయింది అని మున్సిపాలిటీ ఆఫీసులో అడిగితే, అది ఉన్న ఇంటికి నా, మీది కొత్తగా లేచిన అంతస్తు గదా అన్నారు. దానికి మళ్ళీ గ్రంథాలయం సెస్సు, పన్ను రూపాయికి 8 పైసలు. అంటే ఆ లేని మేడ లైబ్రరీకి పోయి పేపర్ కూడా చదువుతుండాది.

అర్జీ పెట్టుకుందామని పోతే, ముందు కట్టండి, బకాయి ఉంటే అర్జీ చూడరు అన్నారు. కట్టకుండా కూర్చుంటే నెలకి రెండు శాతం. మా బజార్లో ఫైనాన్స్ ఆయనది కూడా రెండు రూపాయల వడ్డీనే, కాకపోతే ఆయన అప్పిచ్చి తీసుకుంటాడు. అదే ఏప్రిల్ 30 లోపల ఏడాది మొత్తం ఒకేసారి కట్టేస్తే 5 శాతం తగ్గింపు. నేను మొత్తం తప్పు అని కొట్లాడుతుండా, మీరు ఆ తప్పు మీద డిస్కౌంట్ ఇస్తుండారు. నిజం చెప్పొద్దూ, 370 రూపాయలు మిగులుతాయంటే నా కోపం కూడా కొంచెం మెత్తబడింది.

ఆన్‌లైన్లో కట్టొచ్చు గానీ కావాలనే కౌంటర్‌కి పోయినా, రసీదు మీద 'అభ్యంతరంతో కడుతున్నాను' అని రాయించుకుందామని. కంప్యూటర్ ముందున్న పిల్లోడు పాపం స్క్రీను మొత్తం కిందికీ పైకీ తిప్పి చూసి "ఆ కాలమ్ లేద్సార్" అన్నాడు. రిమార్క్స్ అని ఏదో గడి ఉంటే దాంట్లో 'అండర్ ప్రొటెస్ట్' అని కొట్టమన్నా, ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలే పడతాయంట, 'అండర్ ప్రొ' దాకా వచ్చి ఆగిపోయింది. ప్రింట్ తీసిచ్చాడు. కింద లావు అక్షరాల్లో 'సకాలంలో చెల్లించినందుకు ధన్యవాదములు'.

ఆ రసీదు జిరాక్స్ జతచేసి, షెడ్డు ఫోటోలు మూడు పెట్టి (ఒకదాంట్లో పిల్లి కూడా పడింది, సాక్షిగా ఉంటదిలే అని తీసెయ్యలా) అర్జీ ఇచ్చినా. లోపల సారు అర్జీ చదవలా, వెనకున్న రసీదు చూశాడు. "కట్టేశారు గదండీ, కట్టారంటే ఒప్పుకున్నట్టే గదా, ఇంకేంది సమస్య?" అన్నాడు. కట్టకపోతే అర్జీ చెల్లదు, కడితే అర్జీ అక్కర్లేదు. ఎవరు రాశారో గానీ ఆ రూలు రాసినాయనకి మా జిల్లా మలై కాజా తినిపించాలి.

ఈ గడ్డ మీద ఇట్టా పన్నులకి తలొంచని వాళ్ళు లేరా అంటే ఉండారు. చీరాల పేరాల (2022 దాకా ప్రకాశం జిల్లానే) రెండిటినీ కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెనకాల ఊరికి ఊరే ఇళ్ళు ఖాళీ చేసి, పొలిమేర అవతల పాకలేసుకుని దానికి రామనగరం అని పేరు పెట్టి నెలల తరబడి ఎండకీ వానకీ ఓర్చుకున్నారు. మా ఇంట్లో ఆ మాట ఎత్తితే మా ఆవిడ "పాకలో వైఫై వస్తదా" అంది. అదీ నా ఉద్యమం సంగతి.

ఇంతకీ మున్సిపాలిటీ వాళ్ళు కొలతలకి వచ్చారు సామీ, రాలేదని అబద్ధం చెప్పను. టేపు ఒక కొస నన్నే పట్టుకోమన్నారు. పది, పన్నెండు అని నోటితో చదివి కాగితం మీద రాసుకున్నారు, సగం ఎండిన వడియం ఒకటి నోట్లో వేసుకున్నారు, ఉప్పు సరిపోయింది పెద్దమ్మా అన్నారు. పోతా పోతా మెట్ల మీద ఆగి "ఏదో ఒకటి అయితే పైన ఉండాది గదా నా" అన్నారు. అది జరిగి ఆరు వారాలైంది, ఫోన్లో 'మీ అర్జీ పరిశీలనలో ఉన్నది' అని మూడుసార్లు వచ్చింది.

మా అమ్మ మాత్రం పట్టు పట్టింది. "ఎటూ కడతానే ఉండావు గదరా, ఆ పైన గది కూడా కట్టెయ్, నాకు మోకాళ్ళ నొప్పులకి గాలి తగులుద్ది" అంటది. ప్లాన్ లేకుండా నిజంగా కడితే పన్ను మీద పెనాల్టీ వేస్తారమ్మా అంటే, ఆమె వడియాలు తిరగేస్తా "కట్టందానికి వేసింది చాలదంటనా" అంది.

ఇట్లు,
మీ విధేయుడు,
రెండంతస్తుల రేకుల షెడ్డు యజమాని.

తా.క.: ఆ 370 రూపాయల్తో ఆదివారం కొర్రమీను తెచ్చి పులుసు పెట్టించినా. తలకాయ పిల్లి తినింది, పోనీ అద్దెలో కోసుకుందాం అనుకున్నా.