రోడ్డు ఆగేది ఆ మూడొందల మీటర్ల దగ్గరే

హైదరాబాద్ పడమటి అంచున కొత్త కాలనీల వైపు వెళ్లేవారికి బాగా తెలిసిన దృశ్యమిది. డివైడరూ వీధిదీపాలూ ఉన్న వంద అడుగుల రోడ్డు ఒకచోట ఉన్నట్టుండి తెగిపోతుంది. ఎదురుగా రేకుల ప్రహరీ, దాని పక్కగా ఒక్క కారు మాత్రమే పట్టే మట్టి దారి. మూడొందల మీటర్లు దాటితే మళ్లీ అదే వంద అడుగుల రోడ్డు. మాస్టర్ ప్లాన్‌లో ఆ రెండు ముక్కల మధ్య గీత ఎక్కడా తెగలేదు. తెగింది నేల మీదే.

రోడ్డు పొడిగింపు అనగానే మన యంత్రాంగం దృష్టి ముందు తారు మీదికి పోతుంది. టెండరు, శంకుస్థాపన, కిలోమీటరుకు ఇన్ని కోట్లు అనే లెక్క ముందుకొస్తాయి. తారు వేయడం ఈ మొత్తం పనిలో అన్నిటికంటే తేలిక. భూమి, మురుగు, వరద, తీగలు అనే నాలుగూ తేలకుండా వేసిన రోడ్డు సగంలోనైనా ఆగుతుంది, ఏడాదిలోపైనా తవ్వుకుపోతుంది. ఈ వరుసను తలకిందులు చేయడమే మన లింకు రోడ్ల రోగమని మేం నమ్ముతున్నాం.

మూడు కిలోమీటర్ల పొడిగింపుకు తొంభై శాతం భూమి చేతికొచ్చిందని నివేదికలో రాస్తే సంతృప్తిగానే కనిపిస్తుంది. మిగిలిన పది శాతం అంటే సరిగ్గా ఆ మూడొందల మీటర్లు. వంద అడుగుల వెడల్పున కిలోమీటరు రోడ్డుకు దాదాపు ఏడున్నర ఎకరాలు కావాలి. మూడొందల మీటర్లకు రెండుంపావు ఎకరాలు, అంటే సుమారు 10,900 గజాలు. నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ వేసిన కోకాపేట నియోపొలిస్ లేఅవుట్ వేలంలో 2023 ఆగస్టులో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికిన సంగతి అందరికీ గుర్తే. ఆ ధరలో పదో వంతు పలికే చోటైనా ఈ రెండుంపావు ఎకరాల విలువ ఇరవై కోట్లు దాటుతుంది. మిగతా రోడ్డంతా పూర్తయ్యాక చివరి ముక్క యజమాని దగ్గరికి వెళ్తే, రోడ్డు వల్ల పెరిగిన ధరనే మళ్లీ ప్రభుత్వం నెత్తిన పెట్టుకోవాలి. అందుకే ఇరుకైన చోటును, ఇళ్లు ఉన్న చోటును, వివాదమున్న సర్వే నంబరును మొదట తీసుకోవాలి. ఖాళీ పొలాలు ఆఖరికి దొరికినా నష్టం లేదు. ఇప్పుడు జరుగుతున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం. తేలికైన ముక్క ముందు, కష్టమైన ముక్క వచ్చే ఏడాదికి.

నియోపొలిస్‌నే ఇంకోవైపు నుంచి చూడండి. అక్కడ వెడల్పాటి రోడ్లు, వరద కాలువలు, తీగలకు భూగర్భ గొట్టాలు (డక్టులు) లేఅవుట్‌లోనే చేర్చి హెచ్ఎండీఏ ప్లాట్లను వేలానికి పెట్టింది. అమ్మేది తానైనప్పుడు రోడ్డు ముందు రావాలన్న జ్ఞానం ప్రభుత్వానికి ఉంది. ప్రైవేటు లేఅవుట్లకూ టవర్లకూ అనుమతులిచ్చే దగ్గర ఆ జ్ఞానం ఎందుకు కనబడదో ప్రజలకు చెప్పాలి.

దీని మూలాలు పాతవే. 2006 నుంచి హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐకి, అంటే స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న లెక్కకు, పరిమితి లేదు. ఎంత ఎత్తు కట్టాలన్నది స్థలం ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ తేలుస్తాయి. టవరు గేటు ముందు వంద అడుగుల రోడ్డుంటే అనుమతి దొరుకుతుంది. ఆ రోడ్డు అరకిలోమీటరు అవతల ముప్పై అడుగులకు కుదించుకుపోతుందా అన్నది ఎవరూ అడగరు. గేటు ముందు వెడల్పు కాదు, పెద్ద రోడ్డు చేరేవరకూ ఉన్న దారిలో అతి తక్కువ వెడల్పు ఎంతో అదే ప్రాతిపదిక కావాలి. ఈ ఒక్క మార్పు జరిగితే చివరి ముక్క తెరిపించడానికి బిల్డర్లే ముందుకొస్తారు.

ఐదు వేల ఫ్లాట్ల నుంచి ఉదయం రద్దీ గంటలో రెండు ఫ్లాట్లకొక వాహనం చొప్పున బయటికొస్తుందని అనుకుందాం. 2,500 వాహనాలు. అందులో సగం బైకులు. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో కారు ఒక యూనిట్. బైకులు ఎక్కువగా తిరిగే రోడ్డు మీద బైకు 0.75 యూనిట్. మొత్తం సుమారు 2,190 యూనిట్లు. కాలనీలను కలిపే రెండు వరుసల రోడ్డు రెండు దిశలకూ కలిపి గంటకు 900 యూనిట్లే మోయగలదు. డివైడరున్న నాలుగు వరుసల రోడ్డు 2,900 మోస్తుంది, ఒక దిశకు 1,450. ఉదయం పూట అందరూ వెళ్లేది ఒకే దిశలో కాబట్టి నాలుగు వరుసలు వేసినా చాలదు. రోడ్డును ఇంకా వెడల్పు చేయడం దీనికి మందు కాదు. పొడిగింపు రెండు వైపులా తెరుచుకోవాలి. ఒక కొస పాత ముంబయి హైవే వైపు పోతే రెండో కొస ఔటర్ సర్వీసు రోడ్డును తాకాలి. ఒక్క వైపే దారి ఉన్న కాలనీ సీసా లాంటిది, మూతి దగ్గరే ఇరుకు.

బస్సు లెక్క వేరు. యాభై మందిని మోసే బస్సు రోడ్డు మీద తీసుకునే చోటు మూడు నాలుగు కార్లంత. కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభించిన డబుల్ బెడ్రూం సముదాయంలో 15,660 ఇళ్లున్నాయి. అక్కడికి వచ్చినవారిలో ఎక్కువమంది నగరం నడిబొడ్డున పని చేసుకునేవారు. వారికి రోడ్డంటే కారు దారి కాదు, బస్సు దారి. అందుకని ఏ పొడిగింపు డ్రాయింగులోనైనా బస్సు తిరిగే మలుపులు, ఆగే బేలు, చివర మళ్లే స్థలం మొదటి రోజే గీయాలి. బస్సు తిరగడానికి చోటు లేని కొసకు సర్వీసు వేయడం ఆర్టీసీకి కుదరదు. దాన్ని నిందించి లాభం లేదు.

వంద అడుగులు, అంటే దాదాపు ముప్పై మీటర్ల వెడల్పును ఎలా పంచాలన్న దగ్గరే అసలు పట్టుదల బయటపడుతుంది. ఒక్కో వరుస మూడున్నర మీటర్ల చొప్పున నాలుగు వరుసలకు 14 మీటర్లు, డివైడరుకు 1.2. మిగిలిన 14.8ను రెండుగా చేస్తే పక్కకు 7.4. అందులో మూడు మీటర్లు ఫుట్‌పాత్, దాని కిందే వరద కాలువ, రెండున్నర మీటర్లు బస్ బే, పార్కింగ్, మిగిలిన 1.9 మీటర్లు చెట్లు, కరెంటు స్తంభాలు, డక్టులు. ఇంజనీర్లను తరచూ ఊరించేది మూడో వరుస. పక్కకు మూడు వరుసలు పెడితే మిగిలేది 3.9 మీటర్లే. అప్పుడు బస్సు దారి మధ్యలోనే ఆగుతుంది, దాని వెనక మూడో వరుస నిండిపోతుంది, నడిచేవారు తారు మీదికి దిగుతారు. కాగితం మీద ఆరు వరుసలు, నేల మీద నాలుగు. నడకకు అడ్డంకి లేని కనీస వెడల్పు 1.8 మీటర్లని ప్రమాణాలు చెబుతున్నాయి. ట్రాన్స్‌ఫార్మరు గద్దె, కేబుల్ పెట్టె దాన్ని మింగేయకుండా మొదటే వాటికి వేరే చోటు చూపాలి.

ఇక నీళ్లు. ఈ నగరం గొలుసుకట్టు చెరువుల మీద పెరిగింది. ఒక చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు పోయే నేల ఇది. అడ్డంగా వేసిన ప్రతి రోడ్డూ ఒక కట్టే అవుతుంది. 2020 అక్టోబరు 13, 14 తేదీల వాన ఈ సంగతి చెప్పి వెళ్లింది. యాభై హెక్టార్ల పరీవాహకం, అందులో ఎక్కువభాగం కాంక్రీటుతో కప్పేసిన నేల అనుకుంటే, గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు సెకనుకు దాదాపు ఆరు ఘనపు మీటర్ల నీరు రోడ్డును చేరుతుంది. 900 మిల్లీమీటర్ల వ్యాసమున్న సిమెంటు (హ్యూమ్) పైపు సెకనుకు రెండు మీటర్ల వేగంతో నిండుగా పారినా మోసేది 1.3 ఘనపు మీటర్లలోపే. ఒకే పైపు వేసి మట్టి నింపేసిన చోట మొదటి పెద్ద వానకే పై కాలనీ మునుగుతుంది. రెండు మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల ఎత్తున్న బాక్స్ కల్వర్టు అదే వేగంతో నిండుగా పారితే ఆ నీటిని దాటిస్తుంది. ఈ రెంటి మధ్య ఖర్చు తేడా రోడ్డు ఖర్చు ముందు చాలా చిన్నది. లెక్క వేసేటప్పుడు ఇవాళ పొలంగా ఉన్న నేలను రేపటి కాంక్రీటుగా భావించి వేయాలి. పొలం పీల్చుకునే నీటిని టవరు పీల్చుకోదు.

రోడ్డు వెళ్లే గీత (అలైన్‌మెంటు) చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దును (ఎఫ్‌టీఎల్) తాకితే అక్కడికక్కడే మార్చాలి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ముప్పై మీటర్లు, చిన్న చెరువులకు, కుంటలకు తొమ్మిది మీటర్ల ఖాళీ పట్టీ (బఫర్) వదలాలన్నది పాత నిబంధనే. రోడ్డు పేరు మీద చెరువు అంచు పూడిస్తే, రోడ్డు వెనకే ప్రైవేటు పూడికలూ వస్తాయి.

భూసేకరణ చట్టం గడువులు కఠినమైనవి. 2013 చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ తర్వాత అభ్యంతరాలకు అరవై రోజులు, ఏడాదిలోపు డిక్లరేషన్, అది వచ్చిన ఏడాదిలోపు పరిహారం తేల్చే ఉత్తర్వు (అవార్డు). తప్పితే మొదటికొస్తుంది. పరిహారానికి రిజిస్ట్రేషన్ ధర, లేదా గత మూడేళ్ల అమ్మకపు దస్తావేజుల్లో పై సగం సగటు ఆధారం. దాని మీద నూరుశాతం సొలేషియం, అంటే బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము. చిక్కేమిటంటే మన దస్తావేజుల్లో రాసే ధర అసలు ధర కాదు. తక్కువకు రాసుకున్న పక్కింటి దస్తావేజే తన భూమి విలువను తేల్చేసరికి యజమాని కోర్టుకెక్కుతాడు. అందుకని చాలాచోట్ల నగదుకు బదులు టీడీఆర్, అంటే వేరేచోట అదనంగా కట్టుకోగల, అమ్ముకోగల హక్కుపత్రం, ముందుకొచ్చింది. తెలంగాణలో రోడ్డుకిచ్చిన స్థలానికి నాలుగు రెట్ల వరకూ టీడీఆర్ ఇస్తామంటున్నారు. పెద్ద యజమానికి అది లాభసాటే. కానీ ఎఫ్ఎస్ఐ పరిమితే లేని నగరంలో టీడీఆర్ కొనేవారు అన్నివేళలా దొరకరు. రెండొందల గజాల ప్లాటు మొత్తం పోయే ఉద్యోగికి ఆ కాగితం ఎందుకు పనికొస్తుంది? అతనికి నగదో, అదే ఊళ్లో మరో ప్లాటో చూపాలి. నిజానికి కేసులు వేసేది ఎక్కువగా ఈ చిన్న యజమానులే. ఎవరో పెద్దమనిషి ప్రహరీని తప్పించడానికి అలైన్‌మెంటు ఒక్కసారి వంకర తిరిగిందంటే వారి నమ్మకం పూర్తిగా పోతుంది. గంటకు యాభై కిలోమీటర్ల వేగానికి వేసే మలుపు వ్యాసార్ధం వంద మీటర్లకు తగ్గకూడదు. ముప్పై మీటర్ల వ్యాసార్ధంతో వంకర ఎక్కడ కనబడినా దాని కారణం ఇంజనీరింగు కాదు.

ఆలస్యపు ధర చూడాలంటే పాతబస్తీ మెట్రో మార్గం చూడండి. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట వరకూ ఏడున్నర కిలోమీటర్ల దారిలో ఆస్తులు పోతున్నవారికి గజానికి 81,000 రూపాయల లెక్కన పరిహారం. అది తరాలుగా కట్టుకున్న నగరం, వేరే మార్గం లేదు. కొత్త శివారుకు ఆ సాకు లేదు. అమరావతిలోనూ ఇదే కనబడింది. వేల ఎకరాలు భూసమీకరణలో వచ్చినా, రాజధానికి ప్రధాన దారి కావాల్సిన సీడ్ యాక్సెస్ రోడ్డు ఉండవల్లి, పెనుమాక దగ్గర ఏళ్ల తరబడి ఆగింది. రాజధానికైనా చివరి ముక్క చివరి ముక్కే.

రైల్వే లైను దాటాల్సిన చోట ఇంకో ఆలస్యం కాచుకుని ఉంటుంది. పట్టాల పైభాగం రైల్వే కడుతుంది, రెండు వైపుల వాలు రోడ్లు రాష్ట్రం కడుతుంది. పట్టాల మీద ఎనిమిది మీటర్ల ఎత్తున వంతెన ఉంటే ముప్పైకి ఒకటి వాలుతో పక్కకు 240 మీటర్ల దారి కావాలి. వంతెన మధ్యభాగం సిద్ధమై గాలిలో వేలాడుతుంటే, ఈ 240 మీటర్ల భూమి ఇంకా దొరకలేదని వింటుంటాం. రెండు డ్రాయింగులు ఒకే రోజు, ఒకే బల్ల మీద ఖరారు కావాలి.

నేల విషయం కాంట్రాక్టరుకు వదిలేయకూడదు. ఈ ప్రాంతపు నేల ఎలా మారుతుందో పటాన్‌చెరు ఇక్రిశాట్ ఆవరణే సాక్ష్యం. ఎర్రనేల, నల్లరేగడి అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుంటుంది, పైన ఎంత మంచి తారు వేసినా పగులుతుంది. అలాంటి చోట పై అర మీటరు మట్టిని తీసేసి మొరం నింపాలి, లేదా సున్నంతో గట్టిపరచాలి. ప్రతి అర కిలోమీటరుకూ, నేల రంగు మారిన ప్రతి చోటా నేల ఎంత బరువు మోస్తుందో తేల్చే సీబీఆర్ పరీక్ష చేయించాలి. మట్టిని పొరలు పొరలుగా తడిపి రోలరుతో అణచకుండా లారీలకొద్దీ గుమ్మరించిన చోటే రెండో వానాకాలానికి రోడ్డు కుంగుతుంది.

జలమండలి పైపులు, మురుగు లైను, విద్యుత్ కేబుళ్లు, ఇంటర్నెట్ తీగలు తారు కంటే ముందే కింద పడాలి. ఇవాళ కాలనీ లేకపోయినా రేపు రోడ్డు దాటాల్సిన తీగల కోసం ప్రతి నూరు, నూటయాభై మీటర్లకూ అడ్డంగా ఖాళీ డక్టు వేసి, దాని చోటును రాయి మీద గుర్తు పెట్టాలి. డక్టు ముందే వేస్తే కొద్ది ఖర్చుతో పోయేది, తర్వాత తవ్వితే రోడ్డే పోతుంది.

హెచ్ఎండీఏ, పురపాలక సంస్థలు ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది. అనుమతించిన ప్రతి లింకు రోడ్డు అలైన్‌మెంటుకూ రెండు వైపులా హద్దురాళ్లు పాతి, చేతికి రాని ముక్కల సర్వే నంబర్లు, వాటి పొడవు మీటర్లలో, నోటిఫికేషన్ ఏ దశలో ఉందో, గడువు ఎప్పుడు ముగుస్తుందో రోడ్డు తెగిన చోటే బోర్డు మీద తెలుగులో రాసి పెట్టాలి. ఆ హద్దురాళ్ల మధ్య కొత్త ఇంటి అనుమతి ఇవ్వకూడదు. ఆ బోర్డు మీద మీటర్లు సున్నా అయ్యాకే తారుకు టెండరు పిలవాలి.