కాంటో ప్రాంతానికి ఒక పాత బాటసారి విన్నపం

మహారాజశ్రీ కాంటో ప్రాంతం వారికి,

ఉభయకుశలోపరి. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో, వింత జీవులను పట్టి పోటీకి దింపే పోకెమాన్ వీడియో గేములో, రెడ్, గ్రీన్ అనే రెండు గేమ్‌బాయ్ కార్ట్‌రిడ్జ్‌లలో తమరు అవతరించారు. మీ పేరు జపాన్‌లోని అసలు కాంటోది, ఊళ్ల పేర్లు మాత్రం రంగులవి. విరిడియన్, సెరూలియన్, వెర్మిలియన్, ఫ్యూషియా, సాఫ్రన్... ఇంద్రధనుస్సులో రంగులు వరసగా చెప్పమంటే తడబడతాను గానీ, మీ ఊళ్లు నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాను. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

ముందు దారుల సంగతి. తమ రాజ్యంలో 1 నుంచి 25 దాకా నంబర్లేసిన రోడ్లున్నాయి. నంబర్లయితే ఉన్నాయి. మొదటి ఊరు దాటబోతే విరిడియన్‌లో ఒక తాత దారికడ్డంగా పడుకుని ఉంటాడు. జపనీస్ ఆటలో ఆయన తాగి పడిపోయాడు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి పొద్దుటి కాఫీ ఇంకా పడలేదన్నారు. తాతగారి పరువు దక్కింది గానీ, దారి మాత్రం ఇవ్వలేదు. ఇంకొంచెం ముందుకెళ్తే 460 కిలోల స్నోర్లాక్స్ అనే పోకెమాన్ గుర్రుపెట్టి నిద్రపోతుంటుంది. ఒకటి 12వ రోడ్డు మీద, ఇంకొకటి 16వ రోడ్డు మీద. వేణువు ఊదితే గానీ లేవవు.

అంతకన్నా అవమానం ఆ బుల్లి చెట్టు. నిప్పులు కక్కే నా పోకెమాన్ చారిజార్డ్ పక్కనే ఉంది, అయినా నడుమెత్తు లేని చెట్టును దాటలేను. దానికి కట్ అనే విద్య కావాలట. అదేమో ఎస్.ఎస్. ఆన్ ఓడ కెప్టెన్ దగ్గరుంది. ఓడ రేవులోనే కట్టేసి ఉంది, కెప్టెన్ గారికి మాత్రం కడుపులో తిప్పుతోంది. వీపు నిమిరాను, విద్య ఇచ్చాడు. బండలు నెట్టే విద్య కోసం ఫ్యూషియా వెళ్తే, అక్కడి సఫారీ వార్డెన్ బంగారు పళ్లసెట్టు సఫారీలోనే పారేసుకున్నాడు. ఆయనేం మాట్లాడుతున్నాడో అర్థం కాదు. అవి వెతికి నోట్లో పెట్టించాక గానీ పని కాలేదు. తమ పరిపాలనలో ఏ ఫైలు కదలాలన్నా ముందు ఎవరికో ఒకరికి వైద్యం చెయ్యాలి.

సాఫ్రన్ గేట్లయితే చెప్పనే అక్కర్లేదు. నాలుగు దిక్కులా నాలుగు గేట్లు, నాలుగింటిలోనూ కాపలావాళ్లు, అందరికీ ఒకటే జబ్బు: దాహం. సెలడాన్ డిపార్ట్‌మెంట్ స్టోర్ మేడ మీదికెక్కి, మెషీన్‌లో డబ్బులేసి కొన్న డ్రింకు ఒకడికిస్తే, "మిగతావాళ్లకి కూడా పంచుతా" అని నాలుగు గేట్లూ తెరిచేశాడు. ఒక్క డబ్బాతో నగరం మొత్తం! సరే, ఇంత కట్టుదిట్టంగా కాపాడుతున్నది ఏమిటా అని లోపలికి వెళ్లి చూస్తే, 11 అంతస్తుల సిల్ఫ్ కంపెనీని టీమ్ రాకెట్ ముఠా అప్పటికే ఆక్రమించుకుని కూర్చుంది. వాళ్లు ఏ డ్రింకు ఇచ్చి వచ్చారో గేటువాణ్ణి అడగాల్సింది, మర్చిపోయాను.

ఆ ముఠా నాయకుడు జియోవన్నీ ఎవరంటే విరిడియన్ జిమ్ లీడరే, అంటే పోటీలో తనని ఓడించినవాళ్లకి బ్యాడ్జి ఇచ్చే పెద్దమనిషి. కంచె చేను మేయడం అన్ని చోట్లా ఉన్నదే. తమ దగ్గర కంచె మేయడం అయ్యాక చేతికి ఎర్త్ బ్యాడ్జి ఇచ్చి, ముఠా ఎత్తేస్తున్నా అని చెప్పి మాయమైంది. అరెస్టు లేదు, విచారణ లేదు. పైగా ఆఖరి పోటీలు జరిగే ఇండిగో ప్లాటోకి పోయే దారిలో కాపలావాళ్లు ఒక్కో బ్యాడ్జీ అడిగి చూస్తారు కదా, ఆ దొంగ ఇచ్చినదీ అందులో చెల్లుతుంది.

ఇక సైకిలు. సెరూలియన్‌లో సైకిలు ధర 10,00,000. నా పర్సులో పట్టేది 9,99,999. ఎన్నేళ్లు కష్టపడ్డా ఒక్కటి తక్కువ! చివరికి వెర్మిలియన్‌లో పోకెమాన్ అభిమాన సంఘం అధ్యక్షుడి దగ్గర కూర్చుని, ఆయన పోకెమాన్ రాపిడాష్ ముచ్చట్లు తల ఊపుతూ వింటే ఊరికే సైకిలు వోచర్ చేతిలో పెట్టాడు. డబ్బుకి దొరకనిది ఓపికకి దొరికింది.

వెర్మిలియన్ రేవులో లారీ కింద మ్యూ అనే అరుదైన పోకెమాన్ ఉందన్న పుకారు నమ్మి నెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

కానీ సిన్నబార్ దీవి తీరాన్ని వదల్లేను. విరిడియన్ తాత పోకెమాన్ పట్టడం చూపిస్తున్నంతసేపూ ఆట తెర మీద ఆయన పేరు పెట్టి, నా పేరును అడవి పోకెమాన్ల వివరాలుండే చోట దాస్తుంది. అక్కణ్ణించి నేరుగా ఎగిరి వెళ్లి సిన్నబార్ తూర్పు ఒడ్డున ఈదితే, ఆట ఆ అక్షరాలనే పోకెమాన్లుగా చదువుకుంటుంది. మిస్సింగ్‌నో అనే తప్పుడు పోకెమాన్ అలా పుట్టుకొస్తుంది, సంచీలో ఆరో వస్తువు లెక్క 128 పెరుగుతుంది. అమ్మానాన్నలు పెట్టిన పేరుకి ఆస్తి కలిసొచ్చింది తమ రాజ్యంలోనే, అదీ పొరపాటున.

1999లో గోల్డ్, సిల్వర్ అనే తర్వాతి ఆటలు వచ్చాక పడవెక్కి తమ దగ్గరికి మళ్లీ వచ్చాను. సిన్నబార్‌లో అగ్నిపర్వతం పేలింది. ఊరంతా పోయి పోకెమాన్ సెంటర్ ఒక్కటే మిగిలింది. జిమ్ లీడర్ బ్లెయిన్ గారు సీఫోమ్ దీవుల్లో ఒక గుహలో సంసారం పెట్టుకున్నారు. నా పేరు ఆస్తిగా మారిన ఒడ్డు కోసం చాలాసేపు ఈదాను.

ఇట్లు,
జేబులో 9,99,999తో సైకిలు కొనలేకపోయిన
తమ పాత బాటసారి

తా.క. ఈ ఉత్తరం సాఫ్రన్ గేటు దగ్గర ఆగిపోతుందని తెలుసు. అందుకే ఒక లెమనేడ్ జత చేశాను.