లష్కర్ నడిబొడ్డున ప్రహరీ లోపలి నేల

రోడ్డు వెడల్పు కోసం సికింద్రాబాద్ గడియార స్తంభాన్ని కూల్చాలన్న ఆలోచన 2003లో వచ్చింది. చివరికి కూల్చలేదు, బాగుచేశారు. 120 అడుగుల స్తంభం కనుక అందరి కంటా పడింది. 1897లో ప్రారంభమైన ఆ స్తంభం చుట్టూ తోట ఉంది. 1969 తెలంగాణ ఉద్యమ అమరులకు స్తూపం కట్టుకోవడానికి ఊరి మధ్య చోటిచ్చింది ఆ తోటే. స్తంభం గురించి మాట్లాడినంతగా తోట నేల గురించి ఎవరూ మాట్లాడరు. మన వారసత్వ చర్చలో నిలువుగా లేచిందే లెక్క.

ఈ ఊరు పుట్టిందే ఖాళీ జాగాలోంచి. నిజాంకూ ఇంగ్లిష్ వాళ్లకూ మధ్య కుదిరిన 1798 సైన్య సహకార ఒప్పందం తర్వాత హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన ఇంగ్లిష్ పటాలాలు దిగాయి. 1806లో ఊరికి అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. కవాతు మైదానం, బారకాసులు, బజారు, ఆ వెనకే ప్రార్థనా స్థలాలు. 1813లో సెయింట్ జాన్స్ చర్చి లేచింది. 1815లో ఉజ్జయిని మహాకాళిని ప్రతిష్ఠించిన సురిటి అప్పయ్య సైన్యంలో డోలీ మోసినవాడే. చర్చి, గుడి రెండూ పటాలం వెంట నడిచొచ్చినవే. లష్కర్ అంటే సైన్యం; ఇక్కడి బోనాలకు ‘లష్కర్’ పేరు ఊరికే రాలేదు.

సెయింట్ మేరీస్ చర్చిని ఫాదర్ డేనియల్ మర్ఫీ 1840లో మొదలుపెడితే 1850కి పూర్తయింది. 1871లో సెయింట్ ఆన్స్ బాలికల బడి వచ్చింది. అయితే ఇక్కడి చదువంతా మిషనరీల చలవే అనడం తప్పు. 1862లో సోమసుందరం మొదలియార్ పెట్టిన బడే తర్వాత మహబూబ్ కాలేజీ అయింది. షికాగో వెళ్లకముందే, 1893 ఫిబ్రవరి 13న, వివేకానంద ప్రసంగించింది ఇక్కడే. బడి ఆవరణే ఊరికి సభాస్థలి అన్నమాట.

1945లో ఈ ప్రాంతం తిరిగి నిజాం చేతికి వచ్చింది. 1960లో హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిసింది. జేమ్స్ స్ట్రీట్ మహాత్మాగాంధీ రోడ్డయింది, కింగ్స్‌వే రాష్ట్రపతి రోడ్డయింది. పేర్లు మారినందువల్ల నష్టమేమీ లేదు. నష్టం ప్రహరీ దగ్గర మొదలవుతుంది.

పాత ఆవరణలకు ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. సులువైన దారి రోడ్డు వైపు గోడ తీసి మల్గీలు (అద్దె దుకాణాలు) కట్టడం. అద్దె పాత రేటులోనే ఉండిపోతుంది, కిరాయిదారు కదలడు, భవనం ముఖం మూసుకుపోతుంది. పాత నీటి కాలువ మల్గీల కిందకి పోతుంది. తర్వాత పార్కింగ్ కోసం లోపలి మట్టి నేలకు సిమెంటు పరుస్తారు. ఇంకడానికి చోటు లేక వాననీరు పునాది పక్కనే నిలిచి గోడలోకి ఎక్కుతుంది. డంగు సున్నం గోడ ఆ తేమను మెల్లగా బయటికి వదలగలదు. కానీ పెచ్చులూడగానే మేస్త్రీ సిమెంటు పూస్తాడు. తేమకు దారి మూసుకుపోతుంది. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి ఉప్పు పొంగి, సిమెంటు పూత లోపలి ఇటుకను కూడా పట్టుకుని ఊడుతుంది. అప్పుడు ‘శిథిలం’ అన్న ముద్ర పడుతుంది.

మరమ్మతు వరస దీనికి తలకిందులుగా ఉండాలి. ముందు కాలువ తెరవాలి. గోడ వెంట మూడడుగుల మేర సిమెంటు తవ్వి, నీరు గోడకు ఎడంగా జారేలా నేల వాలు సరిచేయాలి. గోడ ఆరడానికి కనీసం ఒక ఎండాకాలం వదలాలి. ఆ తర్వాతే సిమెంటు పూత తీసి, నానబెట్టిన సున్నం ఒక పాలు, ఇసుక రెండున్నర పాళ్లతో పలుచటి పొరలుగా పూయాలి. తొందరపడి రంగుతో మొదలుపెడితే ఆ డబ్బు వృథా.

చట్టం సంగతికొస్తే, పాత హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) నిబంధనల్లో వారసత్వ కట్టడాలను కాపాడే 13వ నిబంధనను 2015లో తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. వారసత్వ జాబితాలోకి ఎక్కించేటప్పుడు చర్చి పేరో, బడి పేరో రాసి ఊరుకుంటే చాలదు. సర్వే నంబరు, ప్రహరీ కొలతలు, గేటు, బావి, పెద్ద చెట్లు, తెరిచి ఉంచాల్సిన నేల విస్తీర్ణం పటంతో సహా నమోదు కావాలి. ప్రహరీకి కొలత రాసి లేకపోతే, రోడ్డు వెడల్పు చేయడానికి వచ్చిన ఇంజినీరు గీసిందే హద్దు అవుతుంది.