రోడ్డు కారుకు ఎలక్ట్రిక్ వాటర్ పంపు: ఆగితే చెప్పేదెవరు?

పోయిన మే నెలలో, రోహిణి కార్తె ఎండలో, నెల్లూరు నుంచి ఒంగోలు పోతూ టంగుటూరు టోల్‌గేటు దాటాక నా పాత పెట్రోల్ కారు ఆగిపోయింది. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది. బానెట్ ఎత్తితే డబ్బాలోకి కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు, బుడబుడమని ఎగదన్నుతోంది. రేడియేటర్ కింది పైపు పట్టుకుంటే మాత్రం గోరువెచ్చగా ఉంది. ఇంజన్ మరుగుతోంది, రేడియేటర్‌కు ఆ సంగతే తెలియదు. నీళ్లు తిరగడం లేదన్నమాట.

ఆగింది అంతకు ఏడు నెలల ముందు, ఇంజన్ బెల్టుతో తిరిగే మామూలు పంపు తీసేసి బిగించుకున్న ఎలక్ట్రిక్ వాటర్ పంపు. నిజానికి పంపు బాగానే ఉంది. దానికి కరెంటు కోసం హారన్ వైరుకు కలిపి చుట్టిన చోట టేపు కరిగి, ఫ్యూజు హోల్డర్ నల్లగా మాడిపోయింది. ఇంజన్ పై భాగానికీ (హెడ్) కింది భాగానికీ మధ్య ఉండే సీలు, హెడ్ గ్యాస్కెట్, పోయింది. షెడ్డులో ఇంజన్ విప్పుతూ మెకానిక్ అన్నమాట ఇంకా చెవిలో ఉంది: “బెల్టు పంపు పోయేముందు నాలుగు రోజులు ఏడుస్తాది అబ్బయా. ఇది గమ్మున కూర్చుంటాది.”

ఆ మాటలోనే అసలు విషయం ఉంది. బెల్టు పంపు బేరింగు అరుస్తుంది, సీలు కారుతుంది, కారు కింద నేల తడుస్తుంది. మనవాళ్లు చెవితో, కంటితో పసిగట్టి షెడ్డుకు తోలుకుపోతారు. ఎలక్ట్రిక్ పంపు చాలాసార్లు ఏ గుర్తూ ఇవ్వకుండా ఆగుతుంది. పైగా నీళ్లు కదలకపోతే హెడ్‌లోని వేడి సెన్సర్ దాకా సరిగా చేరకపోవచ్చు. నా ముల్లు మధ్యలో నిలబడింది అందుకే. ఇప్పటి చిన్న కార్లు చాలావాటిలో ఆ ముల్లు కూడా లేదు, ఎర్ర లైటు ఒక్కటే.

మరి జనం ఎందుకు కొంటున్నారు? మొదటి ఆశ పవర్, మైలేజీ. బెల్టు పంపు ఇంజన్ శక్తిని తింటుందన్నది నిజమే. కానీ ఎంత తింటుందన్నది వేగాన్ని బట్టి ఉంటుంది. పంపు వేగం రెట్టింపయితే అది లాగే శక్తి దాదాపు 8 రెట్లవుతుంది, మూడింతలయితే 27 రెట్లు. 6,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర పరిగెత్తే రేసు కారుకు అందుకే లాభం. హైవే మీద 2,000, 2,500 దగ్గర నడిచే మన బండికి మిగిలేది చాలా కొంచెం. ఆ కొంచెంలోనూ కోత ఉంది. 10 ఆంపియర్లు లాగే పంపు 13 వోల్టుల దగ్గర 130 వాట్లు తింటుంది. ఆ కరెంటు ఆల్టర్నేటర్ నుంచి రావాలి, ఆల్టర్నేటర్ తిరగాలంటే మళ్లీ ఇంజనే తిప్పాలి. మధ్యలో పోయేది కలుపుకుంటే ఇంజన్ ఇచ్చేది 200 వాట్లు దాటుతుంది.

రెండో ఆశ, ట్రాఫిక్‌లో హీటెక్కకుండా ఉంటుందని. రొట్టెల పండగ రోజుల్లో దర్గా వైపు కారుతో ఇరుక్కున్నవాళ్లకు ఆ టెన్షన్ తెలుసు. అయితే నిలబడిన కారు ఇంజన్ పుట్టించే వేడి తక్కువే, బెల్టు పంపు తిప్పే నీళ్లు దానికి సరిపోతాయి. చాలనిదల్లా గాలి. ఫ్యాన్ ఆలస్యంగా తిరగడం, రేడియేటర్ సందుల్లో దుమ్ము, లోపల పేరుకున్న ఉప్పు, ఇవే ఎక్కువసార్లు కారణాలు. బోరు నీళ్లు తెచ్చి రేడియేటర్‌లో పోసే అలవాటు మనకు బాగా ఉంది. ప్రకాశం జిల్లాలో చాలాచోట్ల ఆ నీళ్లు ఎంత గట్టివో ఇంట్లో గిన్నెలు చూస్తే తెలుస్తుంది. ఆ తెల్ల పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. గొట్టాలు మూసుకుపోయాక పంపు మార్చి ఏం లాభం?

కంపెనీ నుంచే ఎలక్ట్రిక్ పంపుతో వచ్చే కార్ల సంగతి వేరు. 2009లో వచ్చిన మూడో తరం టయోటా ప్రియస్‌లో ఇంజన్‌కు బెల్టే లేదు. పెట్రోల్, కరెంటు రెండిటితో నడిచే ఇలాంటి హైబ్రిడ్‌లో దారి మధ్యలోనే ఇంజన్ ఆగుతూ ఉంటుంది కాబట్టి బెల్టు మీద ఆధారపడలేరు. బీఎండబ్ల్యూ కూడా 2000ల మధ్యలో తన ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్‌కు ఎలక్ట్రిక్ పంపు పెట్టింది. కొన్ని టర్బో పెట్రోల్ కార్లలో అదనంగా ఒక చిన్న పంపు, ఇంజన్ ఆపాక కూడా కాసేపు తిరిగి టర్బోను చల్లారుస్తుంది. ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన పని, బెల్టు పంపుకు చేతకానిది. కంపెనీ అమరికలో పంపును కంప్యూటర్ కనిపెట్టుకుని ఉంటుంది, తేడా వస్తే డ్రైవర్‌ను హెచ్చరిస్తుంది.

షెడ్డులో బిగించే పంపుకు ఆ కాపలా మనమే పెట్టాలి. దానికంటూ రిలే (పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చి), సొంత ఫ్యూజు, వేడిని బట్టి వేగం మార్చే కంట్రోలర్, హెడ్‌కే బిగించిన సెన్సర్, దానికి తగిలించిన అలారం ఉండాలి. ఆన్‌లైన్‌లో పంపు ఒక్కటే కొని, రెండు వైర్లు కలిపి పంపిస్తే ఏమవుతుందో నాకు తెలిసింది. అలారం లేకుండా ఈ పంపు బిగించనని మెకానిక్ మొండికేస్తే కస్టమర్ నొచ్చుకోకూడదు. అలాంటి మెకానిక్‌నే వెతుక్కోవాలి.

నేను మళ్లీ బెల్టు పంపే వేయించాను. రేడియేటర్ విప్పించి కడిగిస్తే అందులోంచి వచ్చిన తెల్ల బెరడు దోసెడు ఉంది. తర్వాత దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కాను, నలుగురం, ఏసీ వేసుకుని. ముల్లు కదల్లేదు. ఈసారి పైన బండి ఆపాక కింది పైపు కూడా పట్టుకుని చూశాను. చెయ్యి కాలింది.