గోడ మందం పెంచితే కొండ ఆగదు

వానాకాలం వస్తే చాలు, మన కొండలు వార్తల్లోకి ఎక్కుతాయి. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవంలో, వాన పడిన రాత్రి, కొత్తగా కట్టిన గోడ క్యూలైన్ మీద కూలి ఏడుగురు చనిపోయారు. ఇలాంటివి జరిగిన ప్రతిసారీ వినిపించే హామీ ఒకటే: ఈసారి గట్టి రిటైనింగ్ వాల్ (మట్టి, రాళ్లు జారకుండా ఆపే గోడ) కట్టిస్తాం. గట్టి అంటే మందం అని మన అర్థం. రాతి కొండను ఆనుకుని కట్టే గోడ విషయంలో ఆ అర్థమే తప్పు.

మామూలు గోడ వెనక మట్టి ఏటవాలుగా తెగి ముందుకు జారబోతుంది. ఆ తోపుకు తట్టుకునేలా గోడను డిజైన్ చేస్తారు. వెనక నాలుగడుగుల్లోనే గట్టి రాయి ఉంటే, అంత మట్టి తెగి జారడానికి చోటే ఉండదు. సందులో పోసిన మట్టి తన బరువులో కొంత ఇటు గోడకు, అటు రాయికి రాపిడితో ఆనిస్తుంది. గాదెలో ధాన్యం ఎంత ఎత్తుకు పోసినా అడుగున బరువు అంతగా పెరగనట్టే. అందుకే ఇలాంటి చోట పల్చటి గోడ చాలు, డబ్బు మిగులుతుంది అనే ఇంజినీర్లు ఉన్నారు. మట్టి వరకు వాళ్ల మాట నిజమే.

నీళ్లకు ఆ రాపిడి లేదు. సందు నాలుగడుగులైనా నాలుగంగుళాలైనా, నీళ్లు నిండిన ఎత్తు ఒకటే అయితే గోడ మీద తోపూ ఒకటే. 4 మీటర్ల ఎత్తు గోడ తీసుకోండి. వెనక పొడి గ్రావెల్ ఉంటే, సందు ఇరుకు వల్ల తగ్గేది లెక్కలోకి తీసుకోకపోయినా, మీటరు పొడవుకు తోపు సుమారు 5 టన్నులు. పైదాకా నీళ్లు నిండితే నీటి తోపు ఒక్కటే 8 టన్నులు. నానిన మట్టి తోపు కలిపితే 10 దాటుతుంది. ఎండాకాలమంతా నిక్షేపంగా నిలబడ్డ గోడ మీద ఒక్క రాత్రి వానకు భారం రెట్టింపు! పైగా సందు ఎంత ఇరుకైతే అంత త్వరగా నిండుతుంది. బండ నీళ్లు పీల్చదు కదా, కొండ మీద పడ్డ వాన రాతి ముఖం మీదుగా జారి తిన్నగా ఆ సందులోకే దిగుతుంది.

ఆ సందులో మట్టిని అణిచే రోలర్ పట్టదు. కాబట్టి పునాది తవ్విన మట్టి, ఇటుక ముక్కలు, చెత్తా చెదారం అందులోనే పోసేస్తారు. తొలి వానకే అది కుంగి పైన గుంట పడుతుంది, నీళ్లు అక్కడే నిలుస్తాయి. అసలు పోయాల్సింది శుభ్రమైన కంకర, లేదా ఇసుక కలపని కాంక్రీటు. అడుగున కన్నాల పైపు, పైన కొండ నీటిని పక్కకు మళ్లించే కాలువ ఉండాలి. వీప్ హోల్స్ (నీళ్లు బయటికి పోవడానికి గోడలో పెట్టే కన్నాలు) పెట్టాం కదా అంటారు. బయటికి పైపు మూతులు వరసగా, ముచ్చటగా కనిపిస్తాయి. వాటి వెనక మట్టిని ఆపి నీళ్లను మాత్రమే వదిలే ఫిల్టర్ లేకపోతే బంకమట్టి చేరి కొన్నాళ్లకే మూసుకుపోతాయి.

ఇక రాయి సంగతి. విజయవాడ, సింహాచలం కొండల్లో ఎక్కువగా ఉండేది ఖోండలైట్. ఎండకు, వానకు తేలిగ్గా మెత్తబడే రాయి. దాని పగుళ్లు రోడ్డు వైపు వాలి, మధ్యలో బంకమట్టి చేరితే బండ బండగానే జారుతుంది. అప్పుడు పైన చెప్పిన లెక్కలేవీ పనికిరావు. రాక్ బోల్టులు (బండను లోపలి గట్టి రాయికి బిగించే ఇనుప కడ్డీలు), ఇనుప వల, రాయిలోకి డ్రిల్ చేసిన డ్రెయిన్ పైపులు కావాలి. పగుళ్లు లోపలికి వాలి, రాయి గట్టిగా ఉంటే చాలా చోట్ల గోడే అక్కర్లేదు! ఇది తేల్చడానికి జియాలజిస్టు వచ్చి కొండను చూడాలి. ఎన్ని మున్సిపాలిటీలు గోడ ఎస్టిమేట్‌కు ముందు జియాలజిస్టును పిలుస్తున్నాయి?

పిలవవు, ఎందుకంటే మన ప్రజాపనుల్లో డబ్బు కంటికి కనిపించే వాటి చుట్టూ తిరుగుతుంది. కాంట్రాక్టరుకు బిల్లు క్యూబిక్ మీటర్ల కాంక్రీటు మీద వస్తుంది, నాయకుడికి ఫొటో గోడ ముందు దొరుకుతుంది. 2024 వరదలప్పుడు విజయవాడలోని కృష్ణలంక రిటైనింగ్ వాల్ ఘనత మాదంటే మాదని పార్టీలు పోట్లాడుకున్నాయి (అది నది వరదను ఆపే గోడ, దాని లెక్క వేరు). గోడ వెనక ఫిల్టర్ మేమే వేయించామని పోట్లాడిన నాయకుణ్ని ఎవరైనా చూశారా? కొండ ప్రాంతాల గోడలకు ఐఎస్ (ఇండియన్ స్టాండర్డ్) 14458 పేరుతో మార్గదర్శకాలు 1997-98 నుంచే ఉన్నాయి. తెలియక చేశామనే సాకు చెల్లదు.

డ్రెయినేజీని గోడ రేటులో కలిపేయకుండా టెండర్‌లో విడి ఐటమ్‌గా చూపాలి. కంకర, పైపు, ఫిల్టర్ ఫొటోలు వెనక పూడ్చకముందే తీసి ఎం-బుక్‌కు (జరిగిన పని కొలతలు రాసే పుస్తకానికి) జతచేయాలి, అవి లేకపోతే ఫైనల్ బిల్లు ఆపాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, టెండర్ షరతుల్లో రెండు లైన్లు చేరిస్తే సరిపోతుంది.