పొగమంచు మీద బతికే పొలాలు

కాలిఫోర్నియా తీరంలోని హాఫ్ మూన్ బే అనే ఊరి గురించి వచ్చిన ఒక వ్యాసంలో, అక్కడ ‘ఏడాదంతా ఏసీలో ఉన్నట్టే’ అని రాశారు. నిజమే, కానీ ఆ చల్లదనం ఎక్కడిదో కూడా చెప్పాల్సింది. వేసవిలో వాయవ్యం నుంచి వీచే గాలులకు తీరం దగ్గరి పైనీరు సముద్రంలోకి జరిగిపోయి, అడుగునున్న చల్లటి నీరు పైకొస్తుంది. దాని మీదుగా వచ్చే తేమగాలి పొగమంచుగా మారుతుంది. తీరానికి దూరంగా లోపలున్న సెంట్రల్ వ్యాలీ అనే పెద్ద లోయ వేడెక్కేకొద్దీ ఆ మంచును ఇంకా లోపలికి లాక్కుంటుంది. జూలైలో ఇక్కడ 20 డిగ్రీలు దాటితే గొప్ప. కొండలు దాటి లోపలున్న లివర్‌మోర్ ఊరికి వెళ్తే 35 మామూలే.

అందుకే ఈ తీరం పొడవునా ఆర్టిచోక్ (మొగ్గను కూరగా తినే మొక్క), బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ (చిట్టి క్యాబేజీల్లాంటివి) వేస్తారు. దక్షిణాన వాట్సన్‌విల్ చుట్టూ స్ట్రాబెర్రీ నెలల తరబడి కాస్తుంది. ఎండ ముదిరితే ఆర్టిచోక్ మొగ్గ త్వరగా విచ్చుకుని గట్టిపడుతుంది, అప్పుడిక దాన్ని కొనేవాడుండడు. టమాటా సంగతి వేరు, ఈ చలికి సరిగా పండదు. మనవాళ్ల గోంగూర, బీర లోపలి వైపు వెచ్చగా ఉండే శాన్ రమోన్ పెరళ్లలో బాగానే వస్తాయి, తీరంలో మాత్రం ఆశ పెట్టుకోవద్దు. (జూలైలో చుట్టాల్ని ఈ బీచ్‌కి తీసుకెళ్లేవాళ్లు స్వెట్టర్లు మర్చిపోకండి!)

ఆ వ్యాసంలో కూలీల ఊసే లేదు. ఈ వాతావరణం కోసమే డబ్బున్నవాళ్లు వచ్చి చేరడంతో, పొలాల్లో పనిచేసే మెక్సికన్ కుటుంబాలకు అదే ఊళ్లో అద్దె ఇల్లు దొరకడం గగనమైపోయింది.