గోడమీది పంటల క్యాలెండరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పంటల క్యాలెండరు గారికి,

బిట్రగుంటకు తూర్పున ఇసుక నేలలో మందులు కొట్టకుండా కూరగాయలు పండించుకునే రైతు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇద్దరం ఒకే వసారాలో ఉంటూ ఉత్తరాలేమిటని అడుగుతారేమో. మేకుకు తగిలించిన రోజు నుంచి తమరు చెప్పడమే గానీ వినడం నేను చూడలేదు, అందుకని.

ముందు తమరి జూన్ పేజీ సంగతి. నల్లటి మబ్బులు, జోడెడ్లు, నెత్తిన గంప పెట్టుకుని నవ్వే ఆడమనిషి, కింద ఎర్ర అక్షరాల్లో "తొలకరి పలకరించింది, కూరగాయ విత్తనాలు వేసుకోండి" అని. బొమ్మ బాగుంది, కాదనను. కానీ సామీ, ఆ పేజీ తిప్పే రోజున మా పడమటిగాలి సెగలు కక్కుతూ వచ్చి ఆ మబ్బుల బొమ్మనే టపటపా గోడకేసి కొడుతూ ఉంటుంది. రోహిణికి రోళ్లు పగులుతాయని అందరూ అనేదే, మా వైపు మృగశిర వచ్చినా రోళ్లకు ఊరట లేదు. నైరుతి పెద్దమనిషి పడమటి కనుమల దగ్గరే మూట మొత్తం విప్పేసి, మా దాకా వచ్చేసరికి చేతులు దులుపుకుంటాడు. నెల్లూరు జిల్లాకు ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్యం ఇచ్చేదే. ఈ మాట బళ్లో పిల్లలకు కూడా తెలుసు, తమరిని అచ్చేసిన వాళ్లకే తెలియలేదు.

సెప్టెంబరు పేజీ ఇంకా ఘనం. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని సామెత వేశారు. ఉత్తర కార్తెకు కూడా వాన లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరు వదిలిపొమ్మని కదా. మేం దాన్ని నమ్మితే ఊరు ఊరంతా చెన్నై రైలెక్కి కూర్చున్నాక, చిత్త కార్తెలో వెనకాల వాన మొదలయ్యేది.

ఇక చిక్కుడు. దాన్నీ జూన్‌లోనే పెట్టమన్నారు. బోరు నీళ్లు పెట్టి బతికిస్తే పందిరి చిక్కుడు ఏపుగా పాకుతుంది, పందిరి మీద నుంచి దొడ్డి గోడ మీదికి, అక్కడి నుంచి పక్కవాళ్ల వేపచెట్టు మీదికి కూడా. పూత మాత్రం ఒక్కటి ఉండదు. నాటు రకానికి పగలు పొట్టిదైతే గానీ పూత పట్టదు, ఎవరు ఎన్ని చెప్పినా అంతే. అసలు కాపు సంక్రాంతి ముందు మొదలై, రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టే నాటికి కూడా గంపలకొద్దీ దిగుతుంది. కళ్లు లేని తీగకు పొద్దు తెలుస్తోంది, రంగులు పూసుకున్న తమరికి తెలియదు.

తమరి అన్నదమ్ములు నెల్లూరులో మా కూరగాయల సంచి తీసుకునే ఇళ్లలో కూడా వేలాడుతున్నారని నా అనుమానం. మే నెలలో ఫోన్ వస్తుంది, "ఏందన్నా, సంచిలో టమాటా ఒక్కటి కూడా లేదు?" అని. ఎండకు పూత రాలిపోతుందమ్మా, ఇప్పుడు బెండ, గోరుచిక్కుడు, దోస తినాలి అంటాను. "మరి మార్కెట్లో ఉన్నాయి కదా!" ఉన్నాయమ్మా, అవి మదనపల్లె నుంచి లారీ ఎక్కి వచ్చినవి, ఆ గట్టుమీద చల్లదనం మాకు ఎవరిస్తారు? అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "పోనీ కాలీఫ్లవర్ ఉందా?"

నవంబరుకు వద్దాం. మంచు బిందువుల బొమ్మ పక్కన "నారు నాటడానికి అనువైన ప్రశాంత వాతావరణం" అని రాశారు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలుపట్టాల కింద కట్టనే కోసేసింది, తమరి ప్రశాంతత అదే. 2023లో మిచాంగ్ తుఫాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, దానికి ముందు మమ్మల్ని తడిపి ఆరేయడానికి కూడా వీల్లేకుండా చేసి మరీ పోయింది. మా దగ్గర నారుమడి అంటే జానెడు ఎత్తు మట్టికట్ట, చుట్టూ కాలవ, పైన తాటాకు. అయినా రెండు రోజులు ముసురు పట్టిందంటే టమాటా నారు మొదట్లో, సరిగ్గా మట్టి తగిలేచోట, దారంలా సన్నబడి నల్లగా అయి పక్కకు వాలిపోతుంది. పై ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉంటాయి, ఏమీ ఎరగనట్టు. అది చూస్తే తిక్క రేగుతుంది.

తమరిని ఇచ్చింది ఎరువుల కొట్టు కాబట్టి ప్రతి నెల కిందా యూరియా ఎంత, ఏ మందు ఎప్పుడు అని ఉంటుంది. అందుకే ఆ ఎరువులకు బదులు మేం వాడే జీవామృతం డ్రమ్ము సరిగ్గా తమరి కింద పెట్టాను. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. పిండి డబ్బా మూత తీసినప్పుడల్లా మా ఇంటావిడ బజ్జీల సంగతి ఎత్తుతుంది, అది వేరే గొడవ. వాసన తమరికి ఇబ్బందిగా ఉంటే చెప్పండి, ఇంకా దగ్గరగా జరుపుతాను.

తమరివల్ల ఉపయోగం లేదని అనలేను. కాగితం దళసరి, వెనకవైపు తెల్లగా ఉంటుంది, ఎవరింటికి ఎన్ని సంచులు, ఎవరు ఎంత బాకీ అన్నీ అక్కడే రాస్తున్నాం. డిసెంబరు పేజీ ఒక్కటి ముందే చించాను, ఏమనుకోకండి. వసారా కిటికీలోంచి జల్లు కొడుతుంటే అడ్డం పెట్టాల్సి వచ్చింది. నానిపోయినా అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి: "పొడి వాతావరణం. పంటకు తడి ఇవ్వండి."

ఇట్లు,
మోకాళ్ల లోతు నీళ్లలో వంకాయలు కోస్తున్న
తమ విధేయుడు